గుళికల పొయ్యిలో గిన్నె ఎందుకు కాలిపోతుంది?

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. బ్యాంకు ఉద్యోగంలో అప్పుల తనిఖీ పేరుతో పల్లెలు తిరిగిన నేను ఆ మాటను కొంచెం మార్చుకున్నాను. పొయ్యి చూసి ఇల్లు చూడాలి. ఆ ఇంట్లో ఏం వండుతున్నారు, దేంతో వండుతున్నారు, ఆ కట్టెలు తేవడానికి ఎవరు ఎంత దూరం నడుస్తున్నారు అన్న సంగతులు పొయ్యి దగ్గర రెండు నిమిషాలు నిలబడితే తెలిసిపోతాయి. ఏ దస్తావేజూ అంత నిజం చెప్పదు.

ఈ వ్యాసం ఒక కొత్త రకం పొయ్యి గురించి, అందులో కాలిపోయే ఒక చిన్న గిన్నె గురించి. నేను చదివింది కామర్సు. ఇంజనీరింగుతో నాకు సంబంధం లేదు. కానీ నష్టం ఎక్కడ మొదలైందో వెనక్కి వెతుక్కుంటూ పోవడం మా వృత్తిలోనూ ఉంది. ఆ పద్ధతే ఇక్కడ పనికొచ్చింది. మన కుటుంబాల్లో ఇంకెవరికైనా ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

మా అక్క ఇల్లు అంచెట్టి దగ్గర ఒక పల్లెలో ఉంది. డెంకణికోట నుంచి అంచెట్టి మీదుగా హొగేనకల్లు వైపు ప్రయాణించిన వారికి ఆ దారి గుర్తుండే ఉంటుంది. ఘాటు రోడ్డు, రెండు పక్కలా అడవి, నడుమ రాగి చేలు, ఉలవ చేలు. తెలుగు, కన్నడం, తమిళం మూడూ ఒకే ఇంటి అరుగు మీద వినిపించే చోటు. ఏనుగులు తిరిగే చోటు కూడా. 2014లో ఈ అడవుల్లో చాలా భాగాన్ని కావేరి ఉత్తర వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. అడవి అంచున బతికే ఆడవాళ్ళకు కట్టెల మోపు అంటే నడుం నొప్పి ఒక్కటే కాదు. తెల్లవారుజామున పొద మాటున ఏనుగు ఉందో లేదో తెలియకుండా అడుగు వెయ్యడం.

గ్యాసు సిలిండరు అక్క ఇంట్లోనూ ఉంది. కాఫీకి, పోపుకి వాడుతుంది. కానీ పదిమందికి సంగటి గెలకాలన్నా, స్నానాలకు నీళ్ళు కాగాలన్నా కట్టెల పొయ్యే. గట్టి సంగటిని కట్టెతో గెలికేటప్పుడు గ్యాసు పొయ్యి మీద గిన్నె నిలవదంటుంది. తల్లి అడవి దారి పట్టకూడదని, వంటింట్లో పొగ తగ్గాలని, హొసూరులో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు ఒక గుళికల పొయ్యి కొని తెచ్చాడు. ఏడాది చక్కగా వండింది. తర్వాత ఒకనాడు అక్క ఫోను చేసింది.

"తమ్ముడూ, పొగ లేని పొయ్యి అని తెచ్చినాడు నీ అల్లుడు. ఇప్పుడు మూడు రాళ్ళ పొయ్యే మేలు అనిపిస్తా ఉంది. లోపల గిన్నె సొట్టపోయి, ఒక పక్క బొక్క పడింది. నేను మళ్ళీ కట్టెలకే పోతా ఉండాను."

ఆ చివరి మాటతో నేను ఆదివారం బస్సెక్కాను.

ఈ పొయ్యి కథ

పెల్లెట్లు అంటే రంపపు పొట్టు, వేరుశనగ తొక్కలు, చెరకు పిప్పి వంటి వాటిని బాగా ఎండబెట్టి, యంత్రంలో గట్టిగా ఒత్తి తీసిన చిన్న గుళికలు. చిటికెన వేలంత లావు, ఒకటి రెండు అంగుళాల పొడవు ఉంటాయి. 1973 నాటి చమురు సంక్షోభం తర్వాత అమెరికాలో ఇంటిని వెచ్చబెట్టుకోవడానికి ఇలాంటి ఇంధనం కోసం వెతికారు. బోయింగు విమానాల సంస్థలో పనిచేసిన జెర్రీ విట్‌ఫీల్డ్ అనే ఇంజనీరు 1980ల మొదట్లో ఇళ్ళకు పనికొచ్చే పెల్లెట్ పొయ్యిని తయారు చేశాడు.

మన దేశంలో ప్రభుత్వం 1980లలో మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం నడిపింది. అది 2002లో ముగిసింది. అదే కాలంలో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ వారు రూపొందించిన ‘అస్త్ర ఒలె’ పేరు కర్ణాటక సరిహద్దులో ఉన్న మనలో చాలామంది విన్నదే. ఆ సంస్థ శాస్త్రజ్ఞుల పరిజ్ఞానంతోనే బ్రిటిష్ పెట్రోలియం వారు 2006 ప్రాంతంలో ‘ఊర్జా’ అనే గుళికల వంట పొయ్యిని మహారాష్ట్ర, కర్ణాటక, తమిళనాడుల్లో అమ్మకానికి పెట్టారు. సుమారు 4 లక్షల పొయ్యిలు ఇళ్ళకు చేరాయి. కానీ గుళికలకు కావలసిన ముడిసరుకు ధర పెరిగింది, గుళికల ధరా పెరిగింది. తర్వాత యాజమాన్యం మారి, ఆ వ్యాపారం ఇళ్ళ నుంచి హోటళ్ళ వైపు మళ్ళింది. పొయ్యి అమ్మడం ఒక్కరోజు పని. దానికి సరైన గుళికలు ఏళ్ళ తరబడి అందించడం అంతకన్నా కష్టమైన పని. ఈ పాఠం మనకు ముందు ముందు పనికొస్తుంది.

అక్క ఇంట్లోది ఆ పొయ్యి కాదు. తర్వాతి కాలంలో వచ్చిన మరో రకం. పేరుతో మనకు పని లేదు. పనిచేసే తీరు మాత్రం అన్నిటిదీ దాదాపు ఒకటే.

గాలి చేసే రెండు పనులు

పొయ్యి మధ్యలో ఒక నిప్పుగిన్నె ఉంటుంది. గుళికలు అందులో నింపి పైన అంటిస్తారు. మంట పైనుంచి కిందికి దిగుతుంది. పక్కన బ్యాటరీతో తిరిగే చిన్న ఫ్యాను ఉంటుంది. అది పంపే గాలిలో కొంత గిన్నె అడుగు రంధ్రాల గుండా వచ్చి గుళికలను వేడి వాయువుగా మారుస్తుంది. ఎక్కువ భాగం గిన్నె పైఅంచు రంధ్రాల గుండా వచ్చి ఆ వాయువును మండిస్తుంది. పొగ రాకపోవడానికి కారణం ఇదే. పొగ అంటే మండకుండా తప్పించుకున్న ఇంధనం. నిప్పు లేనిదే పొగ రాదంటారు కానీ, ఈ పొయ్యిలో గాలి చాలనప్పుడే పొగ వస్తుంది.

ఇక్కడ కొనేటప్పుడు ఎవరూ మనకు చెప్పని సంగతి ఒకటి ఉంది. ఫ్యాను గాలి రంధ్రాల్లోకి దూరే ముందు గిన్నె చుట్టూ ఉన్న సందులో తిరుగుతుంది. అంటే అది మంటకు తిండి, గిన్నెకు చల్లదనం. గాలి తగ్గితే రెండూ తగ్గుతాయి. మంట మధ్యలో బ్యాటరీ అయిపోయి ఫ్యాను ఆగిపోతే వంటగది నిండా పొగ, గిన్నె ఒంటి నిండా మంట.

వాయువంతా మండిపోయాక గిన్నె అడుగున ఎర్రటి బొగ్గు మిగులుతుంది. గిన్నెకు అసలు కష్టకాలం అదే. అప్పుడు వేడంతా అడుగు మీదే ఉంటుంది. మామూలు ఇనుప రేకు 550, 600 డిగ్రీల సెంటీగ్రేడు దాటితే గాలిలోని ప్రాణవాయువుతో కలిసి త్వరత్వరగా పెచ్చులు లేస్తుంది. మంచి రకం స్టెయిన్‌లెస్ స్టీలు ఇంకా ఎక్కువ వేడికి ఆగుతుంది. కానీ అదీ వేడికి పెరుగుతుంది. 10 సెంటీమీటర్ల వెడల్పున్న స్టెయిన్‌లెస్ గిన్నె 600 డిగ్రీలు వేడెక్కితే సుమారు 1 మిల్లీమీటరు వెడల్పవుతుంది. పెరగడానికి చోటు లేకుండా అన్ని వైపులా బిగించి ఉంటే అది ఎటు పోతుంది? వంకర తిరుగుతుంది.

తనిఖీ

పొయ్యిని బాగా చల్లారనిచ్చి వాకిట్లోకి తెచ్చాం. నా దగ్గరున్న పనిముట్లు ఒక టార్చిలైటు, పిల్లల స్కేలు, ఒక అయస్కాంతం, సన్నని తీగ, అక్క ఇంటి తరాజు. ఇవి చాలు.

మొదట గిన్నెను చీకటి గదిలో పట్టి కింది నుంచి టార్చి వేశాను. అడుగు రంధ్రాల్లో మూడో వంతు మాత్రమే వెలుగు చూపించాయి. మిగతావి మూసుకుపోయాయి. పైవరుస రంధ్రాలు శుభ్రంగా ఉన్నాయి.

తర్వాత అడుగు మీద స్కేలు నిలబెట్టాను. మధ్యలో వేలు దూరేంత లోతు జారింది. పైఅంచు కూడా ఒక పక్క వంగి, గిన్నెకూ పొయ్యి ఒంటికీ మధ్య సందు పడింది. సరిగ్గా ఆ సందు ఉన్న వైపే బొక్క పడింది. ఇది నేను ప్రత్యేకంగా గుర్తు రాసుకున్నాను.

కుండ కొనేటప్పుడు మెటికతో కొట్టి చూస్తాం కదా, అలాగే గిన్నె చుట్టూ చెంచాతో కొట్టి చూశాను. బొక్కకు ఎదురు వైపు ఖంగుమంది. బొక్క చుట్టూ బొద్దుగా పలికింది. పీచుతో రుద్దితే అక్కడ నల్లటి పెచ్చులు రేకులు రేకులుగా రాలాయి. అయస్కాంతం గట్టిగా అంటుకుంది. అంటే ఇది వంటపాత్రల్లో ఎక్కువగా వాడే స్టెయిన్‌లెస్ రకం కాదు. మామూలు ఇనుము అయినా కావచ్చు, అయస్కాంతానికి అంటుకునే మరో రకం స్టీలు అయినా కావచ్చు. పెచ్చులు అంత మందంగా లేవడం చూస్తే మామూలు ఇనుమే అనుకోవాలి.

రంధ్రాలను మూసినదేమిటో చూద్దామని తీగతో పొడిచాను. తీగ వంగింది కానీ అది కదల్లేదు. ఉలితో ఒక ముక్క ఊడదీస్తే గాజులా మెరిసింది. మంచి బూడిద అయితే వేళ్ళ మధ్య పిండిలా నలగాలి. ఇది కమ్మరి కొలిమిలో దొరికే చిట్టెం లాంటిది. బూడిద కరిగి, మళ్ళీ గట్టిపడితే ఇలా తయారవుతుంది.

బూడిద ఎందుకు కరిగింది? ఇక్కడ ఇంధనం లెక్క చూడాల్సి వచ్చింది.

అక్క చెప్పిన లెక్క

హొసూరు వైపు నుంచి గుళికల మూటలు తెచ్చే మనిషి కొన్ని నెలలుగా సరిగ్గా రావడం లేదు. మూట అయిపోయినప్పుడు పొయ్యి ఊరికే ఉండకూడదని అక్క చేతికందింది వేసింది. కొబ్బరి చిప్పల ముక్కలు, రాగి మోళ్ళు, కళ్ళం ఊడ్చిన చెత్త. ఇందులో తప్పేముంది? వాళ్ళమ్మ, వాళ్ళవ్వ అందరూ పొయ్యిలో చేతికందిందే వేశారు. మూడు రాళ్ళ పొయ్యి దేన్నయినా తింటుంది. ఈ పొయ్యి తినదు. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

గడ్డిజాతి పంటల మోళ్ళలో పొటాషియం ఎక్కువ. కళ్ళం చెత్తలో మన్ను, ఇసుక ఉంటాయి. ఇసుక ఒక్కటే అయితే ఈ వేడికి కరగదు. పొటాషియం తోడైతే చాలా తక్కువ వేడికే మెత్తబడుతుంది. గాజు తయారీలో జరిగేదీ ఇలాంటిదే. అలా కరిగిన చిట్టెం అడుగు రంధ్రాల మీద మూతలా కూర్చుంది.

నమ్మకం కుదరక తరాజు తీసుకున్నాం. ఇంట్లో మిగిలిన మంచి గుళికలు 2 కిలోలు పొరుగింటి మామూలు పొయ్యిలో పళ్ళెం మీద కాలిస్తే సుమారు 70 గ్రాముల బూడిద వచ్చింది. అక్క వేసే మిశ్రమం 2 కిలోలు కాలిస్తే 250 గ్రాములు దాటింది. మిశ్రమం బూడిదలో ఉండలు కూడా కనిపించాయి. ఇది ప్రయోగశాల లెక్క కాదు. కానీ ఇంట్లో నిర్ణయం తీసుకోవడానికి సరిపోతుంది.

ఇక బొక్క ఒక పక్కే ఎందుకు పడింది? ఆ జవాబు అంచెట్టిలో కొలిమి పెట్టుకున్న ఒక పెద్ద ఆచారి ఇచ్చాడు. గిన్నె చేతిలో తిప్పి చూసి, ఒకే మాట అన్నాడు.

"సార్, కొలిమిలో తిత్తి గాలి ఏ పక్క కొడితే ఆ పక్కే ఇనుము తెల్లగా కాగుతుంది. ఇక్కడా అదే జరిగింది."

అడుగు రంధ్రాలు మూసుకుపోయేసరికి ఫ్యాను గాలికి దారి లేదు. వంగిన అంచు పక్కన సందు దొరికింది. గాలంతా అక్కడి నుంచే దూరి ఎర్రటి బొగ్గును ఊదింది. గిన్నె గోడ కొలిమిలో ఇనుములా కాగి, పెచ్చులు రాలి, పలచబడి, చివరికి తూటు పడింది. తూటు పడ్డాక ఇంకా గాలి అటే పోయింది. వాయువును మండించాల్సిన పైరంధ్రాలకు గాలి చాలక పొగ వచ్చింది.

అంటే వరస ఇది. మొదట గుళికలు అందలేదు. తర్వాత ఇంధనం మారింది. బూడిద కరిగింది. రంధ్రాలు మూసుకున్నాయి. గిన్నె వంగింది. గాలి దారి తప్పింది. చివరగా గిన్నె కాలింది. అందరికీ కనబడేది ఆ చివరిదే. గిన్నె మార్చి ఊరుకుంటే కొత్త గిన్నెకూ ఇదే గతి. మా బ్యాంకు భాషలో చెప్పాలంటే, బాకీ ఎందుకు మొండిపడిందో చూడకుండా దాన్నే కొత్త అప్పుగా తిరగరాసినట్టు.

బాగు చేయాలా, పారేయాలా?

పాఠకులు తమ ఇంటి పొయ్యికి ఈ కొలతలు వేసుకోవచ్చు.

1. రంధ్రాలు మూసుకున్నాయి కానీ గిన్నె ఆకారం చెడలేదు: చల్లారాక చిట్టెం గీకి, రంధ్రాలను తీగతో తెరవండి. రంధ్రం పెద్దది చేయకండి. ఆ కొలత గాలి లెక్క చూసి పెట్టినది.

2. అడుగు కొంచెం వంగింది, పెచ్చులు పలచగా ఉన్నాయి: వాడుకోవచ్చు. కానీ అంచు దగ్గర సందు ఉంటే దాన్ని ముందు సరిచేయాలి.

3. రెండు మూడు రంధ్రాలు కలిసి ఒక్కటయ్యాయి, గోడకు తూటు పడింది, లేదా పగులు అంచు దాకా పాకింది: గిన్నె రద్దు. పలచబడ్డ రేకు మీద వెల్డింగు ఎక్కువ కాలం నిలవదు. పోత ఇనుము అయితే అతుకు పక్కనే మళ్ళీ పగిలే అవకాశం ఎక్కువ.

4. గిన్నె చుట్టూ ఉన్న మట్టి పూత ముక్కలుగా ఊడిపోయింది, బయటి ఒళ్ళు రంగు మారింది: గిన్నెతో పోయే పని కాదు. పొయ్యి మొత్తం తయారీదారుకు చూపించాలి.

కొత్త గిన్నె చేయించేటప్పుడు ఒక హెచ్చరిక. నీళ్ళ తొట్టెలకు, కప్పులకు వాడే జింకు పూత రేకును ఎట్టి పరిస్థితిలోనూ వాడనివ్వకండి. జింకు 419 డిగ్రీలకే కరుగుతుంది. ఇంకా కాగితే దాని పొగ పీల్చినవాళ్ళకు జ్వరం, వణుకు వస్తాయి. పాత రేకు ఉంది కదా అని చవకగా చేసిచ్చే చోట ఈ సంగతి తప్పక అడగాలి.

కొత్త పొయ్యి కొనేవాళ్ళు భారత ప్రమాణాల సంస్థ వారి ఐ.ఎస్. 13152 గుర్తు ఉందో లేదో చూడండి. ఫ్యాను ఉన్న పొయ్యి ఇంధనంలోని వేడిలో కనీసం 35 శాతం గిన్నెకు చేర్చాలని ఆ ప్రమాణం చెబుతుంది. విడి గిన్నె, విడి బ్యాటరీ దొరుకుతాయా అన్నది ధర కంటే ముందు అడగాల్సిన ప్రశ్న.

రోజువారీ జాగ్రత్తలు

గుళిక విరిస్తే టక్కున విరగాలి. నలిపితే పొడి అయితే చెమ్మ పట్టిందని అర్థం. మూటను నేల మీద కాకుండా పలక మీద పెట్టాలి. ప్రతి వంటకూ ముందు నిన్నటి బూడిద దులపాలి. గిన్నెలో గీత దాటి నింపకూడదు. ఎర్రటి బొగ్గు మీద ఫ్యానును పెద్దగా తిప్పి నీళ్ళు కాచుకోవడం చాలా ఇళ్ళలో ఉన్న అలవాటు. అది గిన్నె ఆయుష్షును తగ్గిస్తుంది. మంట ఆర్పడానికి నీళ్ళు చల్లకూడదు. వేడి ఇనుము, మట్టి పూత రెండూ పగులుతాయి. బ్యాటరీని వంటకు ముందే చార్జి చేసుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటి. చలికాలంలో మిగిలిన బొగ్గులతో పొయ్యిని పడకగదిలో పెట్టుకుని తలుపులు మూసుకునే అలవాటు మన కొండ పల్లెల్లో ఉంది. బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, మగత వస్తాయి. నిద్రలో ఉన్నవాళ్ళకు ఆ సంగతి తెలియదు, లేవరు. గిన్నె పాడైన పొయ్యిలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. వంటకు కూడా కిటికీ తెరిచే ఉండాలి. ఇంట్లో వంట పొగ వల్ల 2020లో ప్రపంచంలో సుమారు 32 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పొగను చిన్న ఇబ్బందిగా చూడకూడదు.

అమెరికాలో, కెనడాలో మన పిల్లల ఇళ్ళలో గదిని వెచ్చబెట్టే పెల్లెట్ పొయ్యిలు కొన్నిచోట్ల ఉన్నాయి. అక్కడ గుళికలను మర ఒకటి కొద్దికొద్దిగా గిన్నెలోకి తోస్తుంది. పొగ గొట్టం గుండా బయటికి పోతుంది. యంత్రం పెద్దదైనా గిన్నె రోగం ఇదే. మంట చురుగ్గా కాకుండా నారింజ రంగులో బద్ధకంగా ఊగుతుంటే, అద్దం నల్లబడుతుంటే గాలి తక్కువైందని అర్థం. పొయ్యి చల్లారినప్పుడు తలుపు మధ్య ఒక కాగితం పెట్టి మూసి లాగండి. సులువుగా వచ్చేస్తే తలుపు చుట్టూ ఉన్న తాడు అరిగిపోయింది, గాలి దొంగదారిన పోతోంది. ఆ దేశాల్లో కార్బన్ మోనాక్సైడును పసిగట్టి మోగే గంట దొరుకుతుంది. పిల్లలకు ఫోను చేసినప్పుడు అది ఉందా అని అడగండి.

అక్క ఇంట్లో ఇప్పుడు

తయారీదారు నుంచి కొత్త గిన్నె తెప్పించాం. వంగిన అంచును ఆచారి సరిచేశాడు. మేనల్లుడు పక్కన నాలుగు ఇళ్ళతో మాట్లాడి, అందరూ కలిసి మూడు నెలలకు సరిపడా గుళికలు ఒకేసారి తెప్పించుకునే ఏర్పాటు చేశాడు. విడివిడిగా రెండు మూటలకు రాని బండి, ముప్ఫై మూటలకు వస్తోంది. నా దృష్టిలో అసలు మరమ్మతు ఇదే. రాగి మోళ్ళు, కళ్ళం చెత్త మళ్ళీ ఎరువుకుంటలోకి పోతున్నాయి. నెలకోసారి అక్క గిన్నెను చెంచాతో కొట్టి వింటుంది. ఫోనులో నాకూ వినిపిస్తుంది.

"ఖంగుమంటా ఉంది తమ్ముడూ" అంటుంది.

కట్టెల కత్తి గోడకు వేలాడుతోంది. దాన్ని పారేయమని నేను అడగలేదు. బండి రాని నెల మళ్ళీ రావచ్చని ఆమెకు తెలుసు. ఆ నెల రాకుండా చూసుకోవడమే మా మేనల్లుడికీ, ఆ నాలుగు ఇళ్ళకూ ఉన్న పని. మీ ఇళ్ళలో, మీ ఊళ్ళలో ఇలాంటి పొయ్యి మూలన పడి ఉంటే, పారేసే ముందు ఒకసారి టార్చి వేసి చూడండి. తర్వాత ఆ ఇంటి ఆడవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని, ఏం వేస్తున్నారు, ఎందుకు వేస్తున్నారు అని అడగండి. సగం జవాబు గిన్నెలో ఉంటుంది, మిగతా సగం వాళ్ళ మాటల్లో ఉంటుంది.